పదమూడో గడి

రాజోలు ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ.
నేను బ్యాగు పెట్టేలోపే ఆటో వచ్చి ఆగింది.
వీపు మీద ఎవరో బియ్యం మూట వేసినట్టు
వంగిపోయి దిగింది పిల్ల.
పేరు కెజియా. పదో తరగతి.
పొద్దుట్నుంచీ ఒంటికి పోలేదండి, అంది తల్లి
నేలకేసి చూస్తూ.

నెలనెలా వస్తోందట నొప్పి.
అక్టోబరులో ఆర్‌ఎంపీ గ్యాసని ఇంజక్షను చేశాడు.
నవంబరులో వాము నీళ్ళు.
డిసెంబరులో ప్రార్థన చేయించి
బొడ్డు చుట్టూ నూనె రాశారు.
జనవరిలో పరీక్షల భయమన్నారు.
తల్లి తేదీలన్నీ చెప్పింది
పాలవాడి లెక్కలా, తడబడకుండా.
వాటిని పక్కపక్కన పెట్టి చూడాలని మాత్రం
ఎవరికీ తట్టలేదు.

బొడ్డు కింద ఉబ్బు, తాకితే గట్టిగా.
తోడొచ్చిన మేనత్త
కొంగు నోటికి అడ్డం పెట్టుకుని
ఊళ్ళో అప్పటికే అనేసిన మాటను
కళ్ళతో అంది.

నేనూ అదే అనుకున్నాను. దాచను.
ఇరవై రెండేళ్ళ సర్వీసు నాది.
తల్లిని బయటికి పంపి, తలుపు మూసి
ఎవరే వాడు, అన్నాను.
ఎవరైనా ఇబ్బంది పెట్టారా అమ్మా, అని అడగాలి.
అలాగే నేర్పారు మాకు.
నేను ఎవరే అన్నాను.

ఆ పిల్ల ఏడవలేదు.
నాకింకా రాలేదు సిస్టర్, అంది.
క్లాసులో అందరికీ వచ్చేసింది,
మా బెంచీలో నాకొక్కదానికే.
నవ్వుతారని, నెలకోసారి
కడుపునొప్పని ఆటల పీరియడు ఎగ్గొట్టేదాన్ని.
తర్వాత నిజంగానే వచ్చింది నొప్పి.
అబద్ధానికి దేవుడు శిక్ష వేశాడనుకున్నా.

గొట్టం వేసి మూత్రం తీశాం.
ప్రాణం కాస్త తెరిపిన పడింది.
పరీక్ష పట్టీ మీద గీత ఒక్కటే.
నాకది చాలలేదు, ఇంకోటి చేశాను.
ఒక్కటే.

డాక్టర్ కాంచనమాలగారు
స్కాను తెర మీద నల్లటి గుండ్రాన్ని చూసి
లైటు దగ్గరికి జరపమన్నారు.
పిల్లకి ఒక్కో మాటా చెప్పి, సరేనా అని అడిగి,
అప్పుడు చూశారు.
నీలంగా ఉబికి ఉంది పలచని పొర.
పుట్టేనాటికే తెరుచుకోవాల్సింది.
పదిహేనేళ్ళలో అటుకేసి ఎవరూ చూడలేదు,
చూడకపోవడమే మర్యాద అనుకున్నాం.

తెల్లవారుజామున నాలుగింటికి చిన్న కోత.
తాటిబెల్లం పాకంలా చిక్కగా, నల్లగా
ఐదు నెలలూ బయటికొచ్చాయి.
ట్రేలు మార్చి మార్చి పట్టాను.

వరండాలో తండ్రి. రత్నరాజు, కాలవ మీద లస్కరు.
లాకు తలుపులెత్తడం, దించడం ఆయన పని.
మా పుస్తకాల్లో ఉన్న మాట ఆయనకు తెలీదు,
ఆయనకు తెలిసిన మాట నా నోటికి రాదు.
చివరికి, మీ లాకులాంటిదేనండి, అన్నాను.
తలుపు పడిపోయి ఉంది.
పైనుంచి వస్తూనే ఉంది.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత,
గట్టు మీద నిలబడి స్కేలు చదివే మనిషిలా,
ఎంత నిలబడిందండి, అన్నాడు.
ముప్పావు లీటరు పైనే.
అంతా దిగిపోయిందాండి?
దిగిపోయింది.
ఎగువన గట్టెక్కడా తెగలేదు కదండీ?
లేదండి.
ఆయ్, అని కుళాయి కాడికెళ్ళి
మొహం కడుక్కుంటూనే ఉన్నాడు.

మేనత్త ఫోనులో ఊరికి చెబుతోంది,
ఈసారి గొంతు తగ్గించకుండా.

తెల్లారాక కెజియా
ప్యాడు ఎటు తిప్పి పెట్టుకోవాలని అడిగింది.
చూపించాను.
రాత్రి నేనన్న మాట గురించి ఏదో అనబోయాను.
పబ్లిక్ పరీక్షలు రాయొచ్చా సిస్టర్, అంది.

రిజిస్టరులో పదమూడో గడి:
మొదటి ముట్టు తేదీ.
ఇవాళ్టిది వేయాలా,
ఎవరికీ కనపడకుండా లోపలే మొదలైన
అక్టోబరు నాటిది వేయాలా.
పెన్ను మూత తీసి పట్టుకుని
డ్యూటీ దిగే గంటదాకా కూర్చున్నాను.